చేపల బోనులో అపొస్తలుడు

నాకు అపొస్తలుడైన పౌలు వేషం ఇచ్చింది నా బట్టతల చూసి. మొహమాటానికి మా సంఘంలో ఎవరూ ఆ మాట బయటికి అనకపోయినా, నాటకం రాసిన సిస్టరు మాత్రం దాచుకోలేదు.

ఆవిడ గుంటూరు వైపు మనిషి, దోహాలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ప్రార్థన చేసినా, పులిహోర వడ్డించినా, ఎదుటివాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కోయబోతున్నట్టే మాట్లాడుతుంది. ఆ శుక్రవారం ఆరాధన అయ్యాక, వార్షికోత్సవానికి పౌలు జీవితం వేస్తున్నామని చెప్పి, వరసలన్నీ కళ్ళతో వెతికి నా దగ్గర ఆగింది.

"పౌలుగారు పొట్టిగా, బట్టతలతో ఉండేవారని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. బ్రదర్, మీరొకసారి లేవండి."

లేచాను.

"లేవండి బ్రదర్."

"లేచే ఉన్నానండీ," అన్నాను.

హాలంతా నవ్వింది. సిస్టరు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, "సరిపోతారు," అంది.

నాకు దక్కిన రెండో అర్హత నా పని. నేను డేరాలు కుడతాను. పాలకొల్లు దగ్గర లేడీస్ టైలర్‌గా మొదలై, జాకెట్లు కుట్టిన చేత్తో ఇక్కడ ఎడారి గుడారాలు కుడుతున్నాను. ఖతర్‌లో చలికాలం వస్తే ఊరు ఊరంతా ఇసకలోకి బయలుదేరుతుంది. మేడల్లో ఉండేవాళ్ళు గుడారం వేసుకుని, మంట పెట్టుకుని, కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఆ గుడారాలు మా దుకాణంలాంటి చోట్ల తయారవుతాయి. ఆ బరకగుడ్డ జాకెట్టు గుడ్డలాగా మాట వినదు. దాన్ని మిషను కిందికి తోయడమంటే దున్నపోతును వాకిట్లోంచి లోపలికి తోలడమే. పౌలు కూడా వాక్యం చెబుతూ ఊరూరా తిరిగిన రోజుల్లో డేరాలు కుట్టుకునే బతికాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే ఆలుమగల ఇంట్లో దిగి, వాళ్ళతో కలిసి కుట్టాడు. సంఘానికి బరువు కాకూడదని ఆయన పట్టుదల. ఈ సంగతి చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఖతర్ వచ్చి, సూది బొటనవేల్లో దిగిన రోజున మొదటిసారి అనిపించింది, ఆయన వేళ్ళు కూడా ఇలాగే ఉండి ఉంటాయని. అంతకు ముందు నా దృష్టిలో పౌలుకి వేళ్ళు లేవు. గడ్డం, వెలుగు మాత్రమే ఉండేవి.

వేషం ఖాయమైన రోజే సంఘంలో గొడవ మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది మా సంఘపెద్ద. చాలా ఏళ్ళుగా ఇక్కడే లెక్కల ఉద్యోగం చేస్తున్న పెద్దమనిషి. ఖతర్ అంటే ఆయనకి సొంత ఊరి మీదున్నంత అభిమానం.

"దమస్కులో మారుమనసు పొందాక పౌలు అరేబియా వెళ్ళాడని తానే రాసుకున్నాడు. అరేబియా అంటే ఏది? ఇదే! ఆయన దోహా వచ్చాడు. ఆ సీను లేకుండా నాటకం ఏంటి?"

పాస్టరు అయ్యగారు మెల్లగా నచ్చజెప్పారు. "అయ్యా, అప్పట్లో ఆ మాట దమస్కుకి దక్షిణంగా ఉన్న దేశానికి వాడేవారు. ఇంత దూరం వచ్చి ఉండరు."

"వచ్చి ఉండరని రాసుందా?"

"లేదు."

"మరింకేం!"

చివరికి సంఘపెద్దని ఊరుకోబెట్టడానికి సిస్టరు ఆయనకి ఆకాశవాణి పాత్ర ఇచ్చింది. అంటే దమస్కు దారిలో పౌలు కింద పడినప్పుడు పైనుంచి వినిపించే ప్రభువు స్వరం. తెర వెనక నిలబడి మైకులో రెండు మాటలు అనాలి, అంతే. ఆయన ఆ రోజు నుంచి మాతో మామూలుగా మాట్లాడటం మానేశాడు. టీ కావాలన్నా గొంతు తగ్గించి, గంభీరంగా అడిగేవాడు.

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక పాత విల్లాని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిస్తారు. అలాంటి గదిలో ఉంటాను. నాతోపాటు గదిలో ఉండేవాడు జగిత్యాల వైపు తమ్ముడు, పరంజాలు కట్టే పని. కంపెనీ క్యాంప్‌లో ఇరుకు పడలేక ఇటు వచ్చాడు. గది గోడ మీద అతని కొండగట్టు ఆంజనేయస్వామి, నా సిలువ పక్కపక్కనే ఉంటాయి. పక్క గదిలో నిజామాబాద్ ముస్లిం భాయ్, చేపల బండి నడుపుతాడు. ముగ్గురం కలిసి వండుకుంటాం.

డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద కూర్చుని నా మాటలు బట్టీ పడుతుంటే, పరంజా తమ్ముడు మొదట్లో దుప్పటి ముసుగేసుకునేవాడు. మూడో రోజుకి ముసుగులోంచి గొంతు వచ్చింది.

"అన్నా, గీడు మంచోడు కాడే. పాపం, ఇంటింటికి పోయి మందిని గుంజుకపోయి జైల్ల ఏస్తుండు. గీ యేషం నీకెందుకియ్యవట్టిరి?"

"ఇప్పుడు సౌలు. తర్వాత పౌలు అవుతాడు. ఆగు."

"ఎప్పుడైతడు?"

"దారిలో వెలుగొస్తుంది. కింద పడతాడు. కళ్ళు పోతాయి."

ముసుగు తీసి లేచి కూర్చున్నాడు. "గట్ల గావాలె! మల్ల?"

అంతే, అక్కడి నుంచి రోజూ తర్వాత ఏమైందో చెబితే తప్ప అన్నం తినేవాడు కాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే కథ. ఒకరోజు భార్యకి చెబుతుంటే విన్నాను. "పౌలని పెద్దమనిషట. మన లెక్కనే ఇల్లిడిసిపెట్టి ఇటు అచ్చిండట... ఆఁ, దుబాయికే... ఏం పనంటే, డేరాలు కుట్టే పని... ఏ కంపెనీనో నాకేం తెలుసు!" మా సంఘపెద్ద వింటే ఆ తమ్ముణ్ణి కావలించుకునేవాడు.

దమస్కులో శత్రువులు ద్వారాల దగ్గర కాపు కాస్తే, శిష్యులు పౌలుని గంపలో కూర్చోబెట్టి గోడ మీదుగా దించి తప్పించారు. ఆ ఘట్టం చెప్పిన రోజున మాత్రం తమ్ముడు చెయ్యి కడగకుండానే ఆగిపోయాడు.

"గోడ ఎంత ఎత్తుంటది?"

"తెలీదు."

"తాడేం తాడు?"

"రాయలేదు."

"హార్నెస్ ఏసుకున్నడా?"

"గంపలో కూర్చున్నాడయ్యా, అంతే."

"గట్లెట్ల దించుతరన్నా మనిషిని! మా సైట్ల గిట్ల జేస్తే సేఫ్టీ ఆఫీసర్ అప్పుడే ఇంటికి తోలిస్తడు." చెయ్యి కడుక్కొచ్చి, "మీ నాటకంల నిన్నెవలు దించుతరు?" అని అడిగాడు.

మా సంఘంలో దించేవాళ్ళంటే ఒకాయన కంప్యూటర్ ఇంజనీరు, ఇంకొకాయన హోటల్లో వంటాయన. ఇద్దరికీ నడుం నొప్పి. ఆ మాట చెప్పగానే తమ్ముడు తీర్మానించాడు. "నేనే దించుత. గోడ సుత నేనే కడ్త."

సిస్టరు ఎగిరి గంతేసి ఒప్పుకుంది. అన్ని భాషల సంఘాలూ కలిసి ఉండే మా చర్చి ఆవరణలోకి అతన్ని, సామాన్లని తీసుకురావడానికి కావలసిన అనుమతులు పాస్టరు అయ్యగారు తెచ్చారు. పైపులు తమ్ముడు తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాడు. వాటి మీద కప్పడానికి నేను దుకాణంలో మిగిలిన గుడ్డ ముక్కలు కలిపి కుట్టి, రాళ్ళలాగా రంగేశాను. ఇక గంప దొరకలేదు. బజారులో దొరికే బట్టల బుట్టలో కూర్చుని చూస్తే అడుగు ఊడి నేను నేల మీద, బుట్ట నా నడుం చుట్టూ మిగిలాం. పొట్టివాడినే గానీ తేలికైనవాణ్ణి కాదు.

అప్పుడు మా చేపల భాయ్ అన్నాడు, "అరె, రువైస్ పోదాం పా భాయ్. ఆడ బందర్ల ఇంతింత పెద్దగుంటయి."

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక ముగ్గురం ఆయన బండిలో ఉత్తరాన అల్ రువైస్‌కి బయలుదేరాం. ఊరు దాటాక దారి పొడవునా పాలిపోయిన రాతినేల, దూరంగా అక్కడక్కడా చలికాలం గుడారాలు. నేను కుట్టినవేమోనని ప్రతిదాన్నీ తొంగి చూశాను. గాలికి ఒక గుడారం పక్కకి ఒరిగి ఉంటే, అది మాత్రం మా దుకాణానిది కాదని వాళ్ళిద్దరికీ గట్టిగా చెప్పాను.

రేవులో శ్రీకాకుళం వైపు జాలరి ఒకాయన భాయ్‌కి తెలుసు. పడవల పక్కన ఇనప తీగలతో అల్లిన చేపల బోనులు గుట్టగా పడి ఉన్నాయి. గర్గూర్ అంటారట వాటిని. బోర్లించిన పెద్ద గిన్నెలాగా గుండ్రటి పైభాగం, అడుగున చదునైన తీగల పళ్ళెం, పక్కన లోపలికి సన్నబడుతూ పోయే నోరు. ఆ నోట్లోంచి చేప లోపలికి పోగలదు గానీ, బయటికి రాలేదు.

"ఎంత సేపకండీ?" అని అడిగాడు జాలరి.

భాయ్ నా భుజం మీద చెయ్యేశాడు. "ఈ సేపకే."

సంగతంతా విన్నాక ఆయన తల గోక్కున్నాడు. "పౌలుగారిది ఎందుకేత్తన్నారండీ? పేతురుగారిది ఎయ్యకపోయారా? ఒల నా దగ్గరుంది, పడవుంది, పేతురికి కావాల్సిన మనిసిని నేనున్నాను. ఒక్క మాట సెప్తే మొత్తం వట్టుకొచ్చేద్దును."

వచ్చే ఏడు తప్పకుండా సిస్టరుకి చెబుతామన్నాక, పాతబడిన బోను ఒకటి ఇచ్చేశాడు. దాని అడుగు పళ్ళెం ఊడదీసి, తిరగేస్తే నిజంగానే గంప. నేను కూర్చుంటే నెత్తికి జానెడు పైదాకా వచ్చింది. చేపల వాసన మాత్రం ఎంత కడిగినా పోలేదు.

రిహార్సల్ మా విల్లా వెనక పెరట్లో పెట్టుకున్నాం. తమ్ముడు పైపులతో గోడ ఎత్తాడు. అందరినీ వరసగా నిలబెట్టి, సైట్లో పొద్దున పూట చెప్పినట్టు జాగ్రత్తలు చెప్పాడు. ముందు ఉల్లిపాయల బస్తా దించాడు. తర్వాత నన్ను.

"గంపలో దిగుతున్నప్పుడు పౌలుగారి మొహంలో భావం కావాలి," అంది సిస్టరు కింద నుంచి. "ఒకప్పుడు విశ్వాసుల్ని తరిమినవాడు ఇప్పుడు తానే పారిపోతున్నాడు. ఆ బాధ కనపడాలి."

"బాధ తర్వాత, సిస్టరమ్మా. ముందుగాల హెల్మెట్ వెట్టుకోవాలె," అన్నాడు తమ్ముడు పైనుంచి.

"పౌలుకి హెల్మెట్ ఏంటండీ!"

"మరి పడితే? మీరే గదా కుట్లేసేది?"

ఆవిడ నర్సు కనక, కుట్ల మాట వినగానే కాస్త తగ్గింది. ఇద్దరూ రాజీకొచ్చారు. పసుపురంగు హెల్మెట్ పెట్టి, దాని మీద తలపాగా చుట్టారు. ఏ బట్టతల చూసి నాకీ వేషం ఇచ్చారో ఆ బట్టతల దానికింద పూర్తిగా మునిగిపోయింది. అద్దంలో చూసుకుంటే పౌలు కాదు, పుట్టగొడుగు కనిపించింది.

సగం దిగాక గంప ఒక పక్కకి ఒరిగింది. నేను తీగలు పట్టుకుని కేక వేశాను. తమ్ముడు నన్ను కిందికి దించి, బోనును చుట్టూ తిరిగి చూసి, ఊడదీసిన పళ్ళెం తెచ్చాడు.

"దీన్ని మూత లెక్క పైన వెట్టి, బైండింగ్ వైరుతోని కడ్త. ఒరిగినా నువ్వు పడవు."

"మరి దిగడం?"

"కింద దిగంగనే నేనురికొచ్చి కటింగ్ ప్లయర్‌తోని తెంపుత. ఒక్క నిమిషం."

రిహార్సల్‌లో నిజంగా ఒక్క నిమిషంలో తెంపాడు. అందరం మెచ్చుకున్నాం.

నాటకం రోజు సాయంత్రం హాలు కిక్కిరిసింది. ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, డ్రైవర్లు, నర్సులు, పిల్లాపాపలు. చేపల భాయ్ మమ్మల్ని, సామాన్లని దింపి, బండి బయటే పెట్టుకుని ఉన్నాడు.

నాటకం బాగానే మొదలైంది. సౌలుగా నేను విశ్వాసుల్ని ఈడ్చుకెళ్ళాను. దమస్కు దారిలో వెలుగు పడింది, నేను పడ్డాను. తెర వెనక నుంచి సంఘపెద్ద స్వరం మైకులో ఉరిమింది. రెండు మాటలు చక్కగా పలికాడు. ఆ తర్వాత ఆగలేదు. సౌలు చేసిన తప్పులు ఒక్కొక్కటే చెప్పాడు, సంఘానికి ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీదికి వెళ్ళాడు, అరేబియా అంటే అసలు ఎక్కడుందో వివరించబోయాడు. నేను కళ్ళు మూసుకుని నేల మీద పడి ఉన్నాను. మోచెయ్యి తిమ్మిరెక్కింది. ప్రభువు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి స్వరం ఆగిపోయింది. సిస్టరు మైకు తీగ లాగేసిందని తర్వాత తెలిసింది.

గోడ దగ్గరికొచ్చాం. బోనులో కూర్చున్నాను. తమ్ముడు మూత పెట్టి, వైరుతో గట్టిగా బిగించాడు. హాల్లో లైట్లు తగ్గాయి. గంప మెల్లగా, ఏ కుదుపూ లేకుండా కిందికి దిగింది. జనం ఊపిరి బిగబట్టారు. నేను బాధ చూపించాను. నేలకి ఆనాక తమ్ముడి కోసం చూశాను. అతను గోడ పైనే నిలబడి జేబులు తడుముకుంటున్నాడు. ఒకసారి చొక్కా, ఒకసారి ప్యాంటు, మళ్ళీ చొక్కా.

"అన్నా," అని నా నెత్తి మీదికి వంగి గుసగుసగా పిలిచాడు.

నా ఛాతీ మీదున్న చిన్న మైకు సంగతి నాకు గుర్తుంది. పౌలు గొంతుతోనే అడిగాను, "ఏమాయెను, సహోదరుడా?"

"ప్లయర్ బండ్ల మరిశిన."

ఆ మాట మైకులో హాలంతా వినిపించింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇక అందరూ నవ్వారు. తమ్ముడు గోడ దిగి బయటికి పరుగెత్తాడు. అప్పుడే మగ్రిబ్ నమాజు వేళ అయింది. భాయ్ బండి తాళం వేసి మసీదుకి పోయాడు. ఫోన్ చేస్తే తీయడం లేదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసిందల్లా, నేను బోనులో ఉన్నాను, నాటకం ఇంకా సగం ఉంది.

వంటాయన, ఇంజనీరు వచ్చి మూత పీకి చూశారు. కదల్లేదు. కూరగాయల కత్తి తెచ్చారు, దాని మొన విరిగింది. బోను పక్కన చేపలు దూరే నోట్లోంచి బయటికి రావొచ్చేమోనని చెయ్యి పెట్టి చూశాను. తీగలు గీరుకున్నాయి. చేపలు ఎందుకు ఓడిపోతాయో అర్థమైంది. హాల్లో పిల్లలు స్టేజీ దగ్గరికొచ్చి నన్ను వేలితో పొడుస్తున్నారు.

నాకు సిగ్గేసింది. తెర వెయ్యండని సైగ చేశాను. అప్పుడు సిస్టరు ప్రిస్కిల్ల వేషంలో స్టేజీ మీదికి వచ్చింది. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయినా ఆవిడ మొహం అలాగే ఉంటుందేమో. పిల్లల్ని వెనక్కి పంపించి, చేతులు జోడించి జనంతో అంది, "పౌలుగారు దమస్కు నుంచి తప్పించుకున్నారు. కానీ ఆ తర్వాత ఆయన చాలా చెరసాలలు చూశారు. ఇక మిగిలిన కథ అంతా ఆయన లోపలి నుంచే చెబుతారు. చూడండి."

నా వైపు తిరిగి మెల్లగా, "కానివ్వండి బ్రదర్," అంది.

కానిచ్చాను. కొరింథు వచ్చింది. అకుల, ప్రిస్కిల్ల డేరా గుడ్డ తెచ్చి బోనుకి ఆనించారు. తీగల సందుల్లోంచి సూది అటు గుచ్చితే ఆవిడ ఇటు తోసింది. ఈ పని నాకు తెలిసిందే కనక కుట్టు వంకర పోలేదు. ఓడ పగిలిపోయే సీనుకి వంటాయన, ఇంజనీరు బోను పట్టుకుని అటూ ఇటూ ఊపారు. రిహార్సల్‌లో అయితే నేను అల్లాడినట్టు నటించాలి, ఇప్పుడు నటించే అవసరం లేకపోయింది. మెలితే ద్వీపంలో పాము కరవాలి. రబ్బరు పాముని సందులోంచి తోస్తే తల లోపల, తోక బయట ఇరుక్కుపోయింది. పౌలు దాన్ని మంటలోకి విదిలించాలి కదా. నేను ఎంత విదిలించినా పోలేదు. అది నాటకం చివరిదాకా అక్కడే వేలాడుతూ ఉంది. జనం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. పౌలు నవ్వకూడదని ఎక్కడా రాయలేదు కదా అనుకుని నవ్వేశాను.

తర్వాత రోమా చెరసాల. ఇక్కడ పౌలు ఉత్తరాలు చెబుతుంటే ఒకరు పక్కన కూర్చుని రాయాలి. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తీగలు వీపుకి గుచ్చుకుంటుంటే, బట్టీ పట్టిన మాటలు మొదలుపెట్టాను. తనని కట్టేసినా తాను చెప్పే మాటని ఎవరూ కట్టెయ్యలేరని ఆయన నమ్మిన సంగతి. ఇన్నాళ్ళూ ఆ మాటలు మంచం మీద బాసింపట్టు వేసుకుని, చాయ్ తాగుతూ చెప్పినవి. ఇప్పుడు కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు. గొంతు దానంతటదే తగ్గింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. పక్క హాల్లో మలయాళీల ఆరాధన వినిపిస్తోంది, దాని అవతల ఫిలిప్పీన్స్ వాళ్ళ పాట. ఆ హాళ్ళన్నింట్లో ప్రతి వారం ఎవరో ఒకరు లేచి ఈ మనిషి ఉత్తరమే చదువుతారు. ఎవరి భాషలో వాళ్ళు. ఆయన మాత్రం వాటిని ఒక మూల కూర్చుని, ఏదో ఒక ఊళ్ళో గొడవపడుతున్న కొద్దిమందికి సర్దిచెప్పడానికి చెప్పించాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు, చివర్లో ఫలానావాళ్ళని అడిగానని చెప్పమన్నాడు. మేం ఇంటికి ఫోన్ చేసి చెప్పేవీ ఇవే.

నా మాటలు అయ్యాయి. సిస్టరు లైటు తీసేసింది. చీకట్లోనే జనం చప్పట్లు కొట్టారు.

తమ్ముడు కటింగ్ ప్లయర్ పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి అందరూ స్టేజీ చుట్టూ చేరారు. ఇళ్ళల్లో పనిచేసే అక్కల్లో ఒకావిడ, కడప వైపు మనిషి, బోను దగ్గర కూర్చుని తీగల్ని చేత్తో తడిమింది. ఆవిడ చాలా నెలల తర్వాత సంఘానికి వచ్చింది. శుక్రవారం సెలవు దొరకని ఇల్లు.

"మీరు లోపల కూచోని నవ్వినారు చూడండి సార్," అంది, "నాకు ఆడ ఏడుపొచ్చింది. నేను గూడా వంటింట్లో ఒక్కదాన్నే ఉండి అట్లే నవ్వుకుంటా ఉంటా. పౌలుగారు గూడా నవ్వినారా సార్?"

"తెలీదమ్మా," అన్నాను. "నవ్వే ఉంటారు."

"నవ్వకుంటే అన్నేండ్లు ఎట్లుంటారు," అని తనే జవాబు చెప్పుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్ళాల్సిన టైమైందని లేచి వెళ్ళిపోయింది.

తమ్ముడు వైరు తెంపాడు. మూత తీశారు. నేను లేవబోతే కాళ్ళు లేవు, అంటే ఉన్నాయి గానీ నావి కావు. ఇద్దరు పట్టుకుని లేపారు. గమ్ముతో అంటించిన గడ్డం తీగకి చుట్టుకుని బోనులోనే ఉండిపోయింది. సంఘపెద్ద వచ్చి నాతో చేతులు కలిపాడు. మామూలు గొంతుతోనే, "చాలా బాగుంది. అరేబియా సీను కూడా పెట్టి ఉంటే ఇంకా బాగుండేది," అన్నాడు.

బయట భాయ్ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. జరిగిందంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "అరె క్యా భాయ్! నేను నమాజ్ చదివి ఇట్ల వచ్చేలోపట ఇంత కథ అయిపాయనా? ఫోన్ సైలెంట్ల ఉండె. మాఫ్ కరో." దారిలో కరక్ చాయ్ దుకాణం ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. కాగితం కప్పుల్లో వేడివేడి చాయ్ వచ్చింది. ఆ రోజు నేను చాయ్ తాగుతున్నా చేపల వాసనే వచ్చింది.

 చాయ్ సగం అయ్యాక తమ్ముడు అడిగాడు.

"అన్నా, రోమా జైల్ల ఉన్నడంటివి. మల్ల ఇడిశిపెట్టిన్రా?"

నాటకంలో సిస్టరు ఆ చివరి సంగతి పెట్టలేదు. వార్షికోత్సవం రోజున పిల్లల ముందు వద్దనుకుంది. నేను కూడా గదిలో ఎప్పుడూ అంతదాకా చెప్పలేదు.

"లేదురా. చంపేశారని పెద్దలు చెబుతారు. కత్తితో."

అతను కప్పు డాష్‌బోర్డు మీద పెట్టేశాడు. "ఎవలు?"

"అక్కడి రాజు మనుషులు."

"గంత పానం వెట్టి గోడ దించితిమి గదనే!" అన్నాడు. నిజంగా కోపం వచ్చింది అతనికి. "జర్రంత సుత ఊగకుంట దించిన. తప్పిచ్చుకున్నోడు తప్పిచ్చుకున్నట్టు ఏడన్న మంచిగ బతకక, మల్ల గాడికెందుకు పోయిండు?"

"పని ఉంది. చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారని పోయాడు."

"డేరాలు కుట్టుకుంట కూసుంటే కాకపోవునా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. చిన్నప్పటి నుంచి విన్న జవాబులు చాలానే ఉన్నాయి. కానీ చాయ్ పక్కన పెట్టేసి, కళ్ళెర్రజేసుకుని నా వైపు చూస్తున్న మనిషికి వాటిలో ఏది చెప్పాలో తోచలేదు. భాయ్ మా ఇద్దరినీ చూసి, "చల్ యల్లా, అన్నం వండాలె ఇంక," అని బండి తీశాడు. వెనక బోను గలగలమని చప్పుడు చేస్తుంటే, తమ్ముడు ఒక చెయ్యి వెనక్కి చాపి అది కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.